మా బల్ల మీది కాగితాలు: గీతలో మాయమయ్యే సున్న

ఈ నెల మా బల్ల మీదికి వచ్చిన కాగితాలలో సగము గ్రాఫులే. మన సంఘ సభ్యుల పిల్లలలో ఇంజనీరింగు చదివేవారున్నారు, ఎమ్మెస్సీ చేసేవారున్నారు, తెల్లవారుజామున మారికుప్పంలో రైలెక్కి బెంగుళూరు పోయి చీకటి పడ్డాక ఇల్లు చేరేవారున్నారు. వీరందరికీ సంవత్సరాంతాన ఒక నివేదిక వ్రాయవలసిన పని తప్పదు. నివేదిక అన్న తరువాత గ్రాఫు లేకుండా ఒప్పుకునే మాస్టరు గారు ఈ రోజులలో ఎక్కడా లేరు. చదివిన విషయమంతా బాగానే వస్తుంది. వ్రాయడమూ బాగానే వస్తుంది. తీరా గ్రాఫును పేజీలో కూర్చోబెట్టే దగ్గర బండి ఆగిపోతుంది.

అడిగినవారి మాటలు క్లుప్తంగా ఇవి. ఒకరికి గ్రాఫు తెర మీద దివ్యంగా ఉన్నది, కాగితము మీద అక్షరాలు చీమ తలకాయలంత పడినవి. ఒకరికి 1965 అని ఉండవలసిన చోట 1 తరువాత కామా పెట్టి 1,965 అని పడుతున్నది. ఒకరికి తెలుగు అక్షరాల చోట ఖాళీ డబ్బాలు వస్తున్నవి. మరొకరు "రెండవ పేజీలో పెట్టిన బొమ్మ అయిదవ పేజీలో తేలింది, ఇదేమి మాయ?" అని అడిగినారు. వీటికి తోడు మన సావనీరు కమిటీవారు కూడా బంగారు గనుల ఉత్పత్తిని మొదటి నుంచి చివరి దాకా ఒకే గ్రాఫులో చూపవలెనని సంకల్పించినారు. అందరికీ విడివిడిగా జవాబు వ్రాయడము కన్నా ఇక్కడ ఒకేసారి వ్రాయడము మేలని తోచినది. గ్రాఫుతో పని లేని పెద్దలు మొదటి సగము దాటవేసినా చిన్నబుచ్చుకోము. రెండవ సగము మాత్రము మన ఊరి సంగతి. దానిని తప్పక చదవవలెనని మనవి.

ముందుగా పనిముట్ల మాట. నివేదికలు కూర్చడానికి కాలేజీ పిల్లలు ఎక్కువగా వాడే లేటెక్ అనే ఏర్పాటుకు మూలము టెక్. దానిని కల్పించినది అమెరికాలోని స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయపు ఆచార్యుడు డొనాల్డ్ క్నూత్. 1977లో తన గ్రంథము రెండవ సంపుటము కొత్త కూర్పుకు వచ్చిన ప్రూఫులు చూసి, అచ్చు అందము చెడినదని నొచ్చుకొని, ఆ పని తానే కంప్యూటరుతో చేయిద్దామని కూర్చున్నాడు. దాని మీద 1980లలో లెస్లీ లాంపోర్ట్ అనే ఆయన లేటెక్‌ను కట్టినాడు. మన తెలుగువారూ ఇందులో వెనుకబడలేదు. అమెరికాలోని ముక్కవిల్లి లక్ష్మి, ముక్కవిల్లి లక్ష్మణకుమార్ గార్లు టెక్ కోసము తెలుగు అక్షరాలను తయారు చేసినారు. ఇక గీతలు గీయడానికి గ్నూప్లాట్ అనేది ఒకటి, లేటెక్ లోపలనే గీసే పీజీఎఫ్‌ప్లాట్స్ అనేది ఒకటి వాడుకలో ఉన్నవి. ఇవన్నీ ఉచితముగా దొరికేవే. పైసా ఖర్చు లేదు, ఓపిక మాత్రము కావలెను.

ఇంట్లో పెద్దలకు సీసపు అక్షరాల ప్రెస్సు సంగతి చెబితే ఈ విషయము సగము తెలిసిపోతుంది. ఆ రోజులలో గ్రాఫు వేయవలెనంటే నల్లని ఇండియా ఇంకుతో కాగితము మీద గీసి బ్లాకులు చేసేవారి దగ్గరకు పంపేవారు. అక్కడ జింకు రేకు మీద బ్లాకు తయారై, కొయ్యకు బిగించబడి, అక్షరాల ఎత్తుకు సరిపోయి ఫారములో కూర్చునేది. బ్లాకులు రెండు రకాలు. ఉత్త గీతలకు లైను బ్లాకు; ఫోటోలకు చుక్కచుక్కలుగా ఉండే హాఫ్‌టోను బ్లాకు. గ్రాఫును హాఫ్‌టోనులో చేయిస్తే గీత అంచులన్నీ నమిలిన చెరుకు పిప్పివలె ఉంటవి.

కంప్యూటరులోనూ ఈ రెండు రకాలే ఉన్నవి, పేర్లు మారినవి. పీడీఎఫ్, ఈపీఎస్ అన్నవి లైను బ్లాకు జాతి. అందులో గీత గీతగానే ఉంటుంది, ఎంత పెద్దది చేసినా చెదరదు. పీఎన్‌జీ, జేపెగ్ అన్నవి చుక్కల జాతి. తెర మీద కనిపించిన గ్రాఫును అట్లాగే ఫోటో తీసి పేజీలో అతికిస్తే, తెరకు చాలిన చుక్కలు కాగితానికి చాలవు. అచ్చుకు అంగుళానికి 300 చుక్కలైనా ఉండవలెనని వాడుక. అనగా నాలుగు అంగుళాల వెడల్పు బొమ్మకు 1,200 చుక్కలు కావలెను. జేపెగ్‌కు ఇంకొక దోషము కూడా ఉన్నది. అది ఫోటోల కోసము పుట్టినది గనుక, గీతల పక్కన అక్షరాల చుట్టూ మసి పూసినట్లు మరకలు వదలుతుంది. కాబట్టి గ్రాఫును పీడీఎఫ్‌గా దాచండి. గత్యంతరము లేనప్పుడే పీఎన్‌జీ. జేపెగ్ మాత్రము వద్దు.

ఇక చీమ తలకాయల సంగతి. ఇది లెక్కే గాని మాయ కాదు. గ్రాఫును పది అంగుళాల వెడల్పున తయారు చేసి, అందులో అక్షరాలు పది పాయింట్లు పెట్టినారనుకోండి. పేజీలో మూడున్నర అంగుళాల చోటే ఉన్నది. లేటెక్ మీ మాట ప్రకారము బొమ్మనంతా కుదించి ఆ చోటులో ఇమిడిస్తుంది. దానితో పాటు అక్షరాలూ మూడున్నర పాయింట్లకు దిగిపోతవి. భూతద్దము లేనిదే ఎవరు చదవగలరు? దీనికి మందు ఒక్కటే. పేజీలో ఎంత వెడల్పు చోటున్నదో ముందే కొలిచి, గ్రాఫును ఆ వెడల్పుననే తయారు చేయవలెను. కొలిచి కుట్టిన చొక్కాకు మళ్ళీ దర్జీ పని ఉండదు గదా.

కొందరికి బొమ్మ అసలు రాదు. "కొలత తెలియదు, బౌండింగ్ బాక్సు లేదు" అని యంత్రము మొరాయిస్తుంది. పాత లేటెక్ దారిన పోయేవారు పీఎన్‌జీ బొమ్మ ఇచ్చినప్పుడు వచ్చే జబ్బు ఇది. ఆ దారికి ఈపీఎస్ కావలెను. పీడీఎఫ్‌లేటెక్ దారిన పోతే పీడీఎఫ్, పీఎన్‌జీ, జేపెగ్ మూడింటినీ ఒప్పుకుంటుంది. ఏ దారిన పోతున్నామో తెలియకుండా బొమ్మలు మార్చి మార్చి పెట్టినందువల్ల లాభము లేదు. గ్నూప్లాట్ వాడేవారికి ఇంకొక మాట. గ్రాఫు గీయించిన తరువాత ఫైలును మూసే ఆజ్ఞ, అనగా "అన్‌సెట్ అవుట్‌పుట్", ఇవ్వకుండా గ్నూప్లాట్‌ను అట్లాగే తెరచి ఉంచితే, ఫైలు సగమే వ్రాసి ఉంటుంది. దానిని లేటెక్‌కు ఇస్తే "చెడిన ఫైలు" అంటుంది. చెడినది కాదు, ముగియనిది.

బొమ్మ వేరే పేజీకి పోవడము దోషము కాదు. లేటెక్ బొమ్మను ఒక పడవగా భావించి, చోటున్న రేవుకు చేరుస్తుంది. పేజీలో సగము ఖాళీ వదిలి బొమ్మను అక్కడే పెట్టడము కన్నా ఇదే మేలని దాని అభిప్రాయము. అందుచేత వ్యాసములో "క్రింది బొమ్మ చూడండి" అని వ్రాయకండి. "3వ బొమ్మ చూడండి" అని వ్రాసి, ఆ అంకెను లేటెక్‌కే వదలండి. ఆ అంకె తప్పుగా వస్తే, బొమ్మ పేరు వ్రాసే "క్యాప్షను"కు ముందే "లేబులు" పెట్టినారేమో చూడండి. లేబులు ఎప్పుడూ క్యాప్షను తరువాతనే ఉండవలెను. ముందు పెడితే బొమ్మ అంకెకు బదులు అధ్యాయపు భాగము అంకె పడుతుంది. అంకె చోట రెండు ప్రశ్నార్థకాలు పడితే మాత్రము ఖంగారు వద్దు. ఇంకొకసారి నడిపించండి, సరిపోతుంది.

1,965 సంగతి చాలామందిని ఏడిపించినది. పీజీఎఫ్‌ప్లాట్స్‌కు 1965 అన్నది సంవత్సరమో రూపాయలో తెలియదు. వెయ్యి దాటిన ప్రతి అంకెకూ కామా పెట్టడము దాని అలవాటు. అడ్డు అక్షము అంకెల అమరికలో "1000 సెప్" అనే దానిని ఖాళీగా ఉంచితే కామా పోతుంది. అట్లాగే గ్రాఫు మూలన పది మీద నాలుగు అని చిన్న గుణకము తనంతట తాను వచ్చి కూర్చుంటే "స్కేల్డ్ టిక్స్" అనే దానిని వద్దని చెప్పవలెను. అక్షముల పేర్లు గీతకు దూరముగా ఎక్కడో పడుతుంటే, ఫైలు మొదట "కంపాట్" అనే వరుస లేదని గుర్తు. అది లేకపోతే పీజీఎఫ్‌ప్లాట్స్ తన పాతకాలపు అలవాట్లతోనే నడుస్తుంది.

కామాలో ఇంకొక గండము ఉన్నది, అది మన దేశపుది. మనము లక్షా ఇరవైఅయిదు వేలను 1,25,000 అని వ్రాస్తాము. కామాలతో వరుసలు విడదీసే ఫైలులో చేత్తో ఆ మాదిరిగా వ్రాస్తే, యంత్రము దానిని మూడు వేర్వేరు గళ్ళుగా చదువుతుంది: ఒకటి, ఇరవైఅయిదు, సున్న. గ్రాఫులో లక్షా పాతిక వేలకు బదులు ఒకటి పడుతుంది. ఆ తరువాతి గళ్ళన్నీ పక్కకు జరిగిపోతవి. యంత్రము తప్పు అని కూడా అనదు. లెక్కల ఫైలులో అంకెకు కామా లేకుండా వ్రాసి, అచ్చులో మాత్రము పెట్టుకోవడము మర్యాద.

తెలుగు డబ్బాల విషయము. పీడీఎఫ్‌లేటెక్‌తో తెలుగు సరిగా రాదు. జీలేటెక్ గాని లువాలేటెక్ గాని వాడి, అక్షరాల పేరుతో పాటు "స్క్రిప్ట్" తెలుగు అని చెప్పవలెను. ఆ మాట చెప్పకపోతే ఒత్తులు విడిపోయి "క్ష" కాస్తా రెండు ముక్కలవుతుంది. లువాలేటెక్ వారు "రెండరర్" అనే చోట హార్ఫ్‌బజ్ అని కూడా వ్రాయవలెను. ఇంట్లో అన్నీ బాగుండి ప్రెస్సులో డబ్బాలు వచ్చినవంటే, అక్షరాలు పీడీఎఫ్ లోపల పొదగబడలేదని అర్థము. ప్రెస్సుకు పంపే ముందు పీడీఎఫ్ గుణాలలో అక్షరాల జాబితా తెరచి చూసుకుంటే ఒక ప్రయాణము తప్పుతుంది.

ఇంతవరకు చెప్పినవన్నీ కంటికి కనిపించే జబ్బులు. వీటిని పిల్లలే నాలుగు రోజులు తంటాలు పడి సర్దుకుంటారు. కంటికి కనిపించని జబ్బులు రెండు ఉన్నవి. వాటి కోసమే మేము ఈ నెల పేజీ అంతా తీసుకున్నాము. రెండింటికీ ఉదాహరణ మన గనుల నుంచే దొరుకుతుంది.

మొదటిది విశ్వకిరణాల గ్రాఫు. ఆకాశము నుంచి మ్యూయానులనే సూక్ష్మకణాలు మన మీద నిరంతరము కురుస్తుంటవి. ఇంచుమించు అరచేయంత చోటున సెకనుకు ఒకటి చొప్పున పడుతుంటవని లెక్క. అవి నేలలోనికి ఎంత లోతు దిగుతవో కొలవవలెనంటే లోతైన గోయి కావలెను. అంత లోతు గోయి మన దేశములో కోలారు బంగారు గనులలోనే ఉండేది. బొంబాయి టాటా ఫండమెంటల్ పరిశోధన సంస్థ నుంచి బి. వి. శ్రీకంఠన్ గారు 1951లో ఇక్కడికి వచ్చి పని మొదలుపెట్టినారు. మన పక్క నంజనగూడులో పుట్టిన ఆయనకు ఈ సీమ కొత్తది కాదు. తరువాత ఎం. జి. కె. మేనోన్, పి. వి. రమణమూర్తి గార్లు, జపానులోని ఒసాకా నుంచి మియాకే గారు కలిసినారు. ఒక్కొక్క లోతులో పరికరాలు పెట్టి, గంటకు ఎన్ని, రోజుకు ఎన్ని అని లెక్కించుకుంటూ దిగినారు. ఆ పరికరాలు గని పంజరములోనే దిగవలెను, గని మనుషులు మోసుకుపోతేనే గుహలోనికి చేరవలెను. వారి పేర్లు గ్రాఫులలో ఉండవు గాని, ప్రతి చుక్క వెనుకా వారి భుజాలు ఉన్నవి.

ఇప్పుడు ఈ లెక్కలను మామూలు గ్రాఫులో పెట్టి చూడండి. అడ్డముగా లోతు, నిలువుగా కణాల సంఖ్య. మొదటి చుక్క ఆకాశానికి అంటుతుంది. మిగిలినవన్నీ అడుగు గీతకు అతుక్కుపోతవి. ఏమంటే, అట్టడుగు లోతుల్లో సంఖ్య పైదానిలో కోటవ వంతు కన్నా తక్కువ. నిలువు గీతను పది అంగుళాలు చేసినా కోటవ వంతును కన్ను చూడగలదా? అందుచేత ఇటువంటి చోట లాగ్ స్కేలు వాడతారు. అందులో ఒక మెట్టు ఎక్కితే పది రెట్లు. ఒకటి, పది, వంద, వెయ్యి, పదివేలు: అన్నీ సమానమైన ఎడముతో ఉంటవి. పీజీఎఫ్‌ప్లాట్స్‌లో నిలువు అక్షానికి "లాగ్" అని ఒక్క మాట, గ్నూప్లాట్‌లో "సెట్ లాగ్‌స్కేల్" అని ఒక్క ఆజ్ఞ. అంతవరకు అతుక్కుపోయిన చుక్కలన్నీ లేచి వరుసగా నిలబడి, లోతుతో పాటు క్రమముగా దిగే చక్కని వంపు కనిపిస్తుంది.

ఇక్కడనే గండము. 1960ల మొదట్లో పరికరాలను సుమారు 2.7 కిలోమీటర్ల లోతుకు దించినారు. దాదాపు రెండు నెలలు కనిపెట్టి చూసినారు. ఒక్క కణము కూడా రాలేదు. లెక్క సున్న. మెట్టుకు పది వంతులు తగ్గే మెట్ల మీద ఎంత క్రిందికి దిగినా సున్న రాదు. పదో వంతు, నూరో వంతు, వెయ్యో వంతు వస్తుందే గాని సున్న అన్న మెట్టే లేదు. కాబట్టి మీ పట్టికలో సున్న ఉంటే గ్రాఫు గీసే యంత్రము ఆ చుక్కను నిశ్శబ్దముగా వదిలివేస్తుంది. పీజీఎఫ్‌ప్లాట్స్ అయితే తన లాగు ఫైలులో ఒక మూల "ఈ బిందువును తీసివేసినాము" అని ఒక వరుస వ్రాసి ఊరుకుంటుంది. గ్రాఫు మాత్రము నిండుగా, అందముగా, ఏ లోపమూ లేనట్లు వస్తుంది. చూసినవారు "ఓహో, ఇంత లోతు దాకానే కొలిచినారు కాబోలు" అనుకుంటారు.

కాని ఆ సున్నయే అసలు వార్త. ఆ నిశ్శబ్దము వల్లనే శాస్త్రజ్ఞులకు ఒక ఆశ పుట్టినది: పైనుంచి వచ్చే రొద ఇంతగా అణగిపోయిన చోట, భూమి నంతటినీ దూరి రాగల న్యూట్రినోల జాడను పట్టవచ్చునని. తరువాత ఛాంపియన్ రీఫ్ గనిలో, హీత్‌కోట్ షాఫ్టు దగ్గర, సుమారు 2.3 కిలోమీటర్ల లోతున పెద్ద పరికరాలు అమర్చినారు. టాటా సంస్థ, ఒసాకా, ఇంగ్లండులోని డర్హము విశ్వవిద్యాలయము కలిసి చేసిన పని అది. వాతావరణములో పుట్టిన న్యూట్రినోలు కనిపించిన సంగతి 1965 ఆగస్టు 15 నాటి ఫిజిక్స్ లెటర్స్ పత్రికలో వచ్చినది. దక్షిణాఫ్రికాలోని బంగారు గనిలో రైనెస్ గారి బృందము చేసిన ఇటువంటి ప్రయోగపు వార్త అదే నెలాఖరున వచ్చినది. రెండు ఖండాలలో బంగారము కోసము తవ్విన గోతులలోనే ఈ కణాలు చిక్కడము విశేషము.

మరి లాగ్ గ్రాఫులో సున్నను ఎట్లా చూపవలెను? దీనికి శాస్త్రజ్ఞుల పద్ధతి ఉన్నది. రెండు నెలలలో ఒక్కటీ రాలేదంటే అసలే రాదని చెప్పలేము. మన ఇంటికి రెండు నెలలు చుట్టము రానంత మాత్రాన చుట్టాలే లేరంటామా? అయితే సగటున రెండు నెలలకు ముగ్గురి కన్నా ఎక్కువ వచ్చే ఇల్లు అయితే, ఇంత కాలము ఒక్కరూ రాకపోవడము నూటికి అయిదు పాళ్ళ కన్నా అరుదు. కాబట్టి "రెండు నెలలకు మూడు కన్నా తక్కువ" అని నూటికి తొంభైయైదు పాళ్ళ నమ్మకముతో చెప్పవచ్చును. ఆ మూడును కాలముతోను, పరికరపు విస్తీర్ణముతోను భాగించి వచ్చిన ఎత్తున ఒక చిన్న అడ్డగీత గీసి, దాని నుంచి క్రిందికి ఒక బాణము వేస్తారు. "నిజము ఇక్కడ గాని, ఇంతకు క్రింద గాని ఉన్నది" అని దాని అర్థము. పిల్లలు తమ నివేదికలో సున్న వచ్చిన చోటంతా ఈ బాణము వేసి, బొమ్మ క్రింద ఒక వాక్యము వ్రాయవలెను. సున్నను చెరిపివేయకూడదు. సున్నకు బదులు ఏదో చిన్న అంకె వేసి చుక్క తెప్పించడము అంతకన్నా అన్యాయము. అది లేని కణాన్ని ఉన్నదనడమే.

గనిలో ఒక షిఫ్టు దిగిపోయేటప్పుడు, ఎక్కేవారు ముందుగా పుస్తకములో గత షిఫ్టు వ్రాతను చదవకుండా పనిలోనికి పోరాదు. లేటెక్ లాగు ఫైలూ అటువంటి పుస్తకమే. గ్రాఫు వచ్చినది గదా అని దానిని తెరవకుండా వదిలివేయకండి. "డ్రాప్డ్" అన్న మాట కోసము వెతకండి. ఎన్ని చుక్కలు ఇచ్చినామో, ఎన్ని పడినవో లెక్క పెట్టండి. చిల్లర లెక్క చూసుకోకుండా అంగడి దిగనివారము, గ్రాఫు దగ్గర మాత్రము ఎందుకు ఉదారులము కావలెను?

రెండవ జబ్బు కొలతలది. ఇది ముఖ్యముగా సావనీరు కమిటీవారికి. మన గనులలో జాన్ టేలరు కంపెనీ 1880లో అడుగు పెట్టినది. 1956లో మైసూరు ప్రభుత్వము గనులను తీసుకొన్నది. 1962లో కేంద్రానికి చేరినవి. 1972లో భారత్ గోల్డ్ మైన్స్ అన్న సంస్థ ఏర్పడినది. 2001 ఫిబ్రవరి 28న పని ఆగినది. ఈ కాలమంతటి లెక్కలు ఒకే తీరున ఉండవు. పాత రిపోర్టులలో బంగారము ఔన్సులలో ఉంటుంది, రాయి నాణ్యము టన్నుకు ఇన్ని పెన్నీవెయిట్లు అని ఉంటుంది. మెట్రిక్ కొలతల చట్టము 1956లో వచ్చి, 1960ల మొదటికి దేశమంతా అమలయినది. ఆ తరువాతి లెక్కలు కిలోగ్రాములు, గ్రాములు.

ఈ రెండింటినీ మార్చకుండా ఒకే వరుసలో పేర్చి గ్రాఫు వేస్తే ఏమవుతుంది? వెయ్యి ఔన్సుల బంగారము 31.1 కిలోగ్రాములు. అనగా అంకె వెయ్యి నుంచి ముప్పైయొకటికి దిగుతుంది, బంగారము రవ్వంత తగ్గకపోయినా. గ్రాఫులో 1950ల చివర ఒక పెద్ద కొండచరియ కనిపిస్తుంది. గనులను ప్రభుత్వము తీసుకొన్నది కూడా ఆ దగ్గరి సంవత్సరాలలోనే గనుక, చూసినవాడు వెంటనే "కంపెనీ పోయింది, కూలీలు పని మానినారు" అని తీర్పు చెప్పుతాడు. మన తాతలూ తండ్రులూ ఆ సంవత్సరాలలో మూడు కిలోమీటర్ల లోతున, ఒళ్ళు కాలే వేడిలో, రాయి ఎప్పుడు పగులుతుందో తెలియని చోట పని చేసినారు. ఒక అంకె మార్చని సోమరితనము వల్ల వారి మీద పని దొంగలన్న ముద్ర పడకూడదు. సావనీరులోని ఈ ఒక్క పేజీని కమిటీవారు పదిసార్లు చూడవలెనని మేము కోరేది ఇందుకే.

మార్చేటప్పుడు కూడా జాగ్రత్త కావలెను. బంగారపు ఔన్సు ట్రాయ్ ఔన్సు, దానికి 31.1035 గ్రాములు. కిరాణా ఔన్సుకు 28.35 గ్రాములే. పొరపాటున రెండవది వాడితే పాత కాలపు బంగారములో నూటికి తొమ్మిది పాళ్ళు మాయమవుతుంది. పెన్నీవెయిట్టుకు 1.555 గ్రాములు. పాత ఇంగ్లీషు టన్ను 1,016 కిలోగ్రాములు, మెట్రిక్ టన్ను వెయ్యి కిలోగ్రాములు. లెక్కల సంవత్సరము జనవరితో మొదలయ్యేదా, ఏప్రిలుతో మొదలయ్యేదా అన్నదీ చూసుకోవలెను. ఇవన్నీ ఒక కాగితము మీద వ్రాసుకొని, ఆ కాగితాన్ని లెక్కలతో పాటు దాచవలెను. గ్రాఫు క్రింద "ఔన్సులను గ్రాములుగా మార్చినాము" అని చిన్న అక్షరాలలోనైనా అచ్చు వేయవలెను.

కొన్ని సంవత్సరాల లెక్క దొరకకపోతే, ఆ చోట గీతను ఖాళీగా వదలండి. యంత్రము తనంతట తాను ఈ పక్క చుక్కను ఆ పక్క చుక్కతో కలిపివేస్తుంది; ఆ సంవత్సరాలలో కూడా కొలిచినట్లు కనిపిస్తుంది. గ్నూప్లాట్‌లో పట్టిక మధ్య ఒక ఖాళీ వరుస వదలితే గీత తెగుతుంది. పీజీఎఫ్‌ప్లాట్స్‌లో ఆ చోట "నాన్" అని వ్రాసి, "అన్‌బౌండెడ్ కోఆర్డ్స్" అన్న దానికి "జంప్" అని చెప్పవలెను.

బంగారము ఎందుకు తగ్గినదో కూడా అదే పేజీలో చూపితే న్యాయముగా ఉంటుంది. తొలినాళ్ళలో టన్ను రాతికి నలభై గ్రాములకు పైగా బంగారము దొరికేది; చివరి సంవత్సరాలలో అయిదు గ్రాముల లోపు. ఒక గ్రాఫు ఉత్పత్తికి, దాని క్రిందనే అదే సంవత్సరాల కొలబద్దతో మరొక గ్రాఫు నాణ్యానికి వేయండి. రెండింటినీ ఒకే బొమ్మలో ఎడమ ఒక స్కేలు, కుడి ఒక స్కేలు పెట్టి కలిపితే, స్కేళ్ళను జరిపినకొద్దీ గీతలు ఎక్కడ కలవమంటే అక్కడ కలుస్తవి. చదివేవారు ఆ కలయికలో లేని అర్థము వెతుకుతారు. నిలువు గీత సున్నతోనే మొదలు కావలెను. మన సావనీరు నలుపు తెలుపులలోనే అచ్చవుతుంది గనుక ఎరుపు, పచ్చ గీతలు రెండూ ఒకే బూడిదరంగుగా పడతవి. ఒకటి నిండు గీత, ఒకటి తెగిన గీత చేస్తే ఎవరికైనా తెలుస్తుంది.

పిల్లలకు ఒక మాట. నివేదిక ఇచ్చే ముందు రోజు రాత్రి గ్రాఫులు వేయడానికి కూర్చోకండి. మొదటి వారములోనే ఉత్తుత్తి అంకెలతో ఒక గ్రాఫు వేసి, పేజీలో పెట్టి, అచ్చు తీసి, చేయి చాచినంత దూరములో పట్టుకొని ఇంట్లో అవ్వకో తాతకో చదివించండి. వారు కళ్ళు చిట్లించకుండా అంకెలు చదవగలిగితే అమరిక సరిపోయినట్లే. ఆ తరువాత అసలు అంకెలు పెట్టుకోవచ్చును.

పాఠకులకు ఒక మనవి. గనుల పాత వార్షిక రిపోర్టులు, జీతాల చీట్లు, లోతుల పట్టికలు ఎవరి ఇంట్లోనైనా పెట్టెల అడుగున ఉంటే పారవేయకండి. సంఘానికి తెచ్చి చూపితే, నకలు తీసుకొని అసలును ఆ పూటనే తిరిగి ఇస్తాము. ఏ సంవత్సరపు అంకె ఏ కాగితములో దొరికినదో సావనీరులో వ్రాస్తాము. వచ్చే నెల ఈ పేజీలో రేషను కార్డులలో పేర్ల స్పెల్లింగు తేడాలు దిద్దుకునే పద్ధతి గురించి వ్రాయదలచినాము. సందేహాలుంటే ఇరవయ్యో తేదీ లోపల తెలుపవలెను.